ల్యాబ్‌కు ఒక్క క్రెడిట్ చాలదు: ఉన్నత విద్యా మండలుల అధ్యక్షులకు ధహ్రాన్ నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నత విద్యా మండలుల అధ్యక్షులకు,



సౌదీ అరేబియా తూర్పు తీరాన ఉన్న ధహ్రాన్ నుంచి ఈ ఉత్తరం రాస్తున్నాను. మన దగ్గరే ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ ఇంజినీరింగ్ (ఈసీఈ)లో బీటెక్ చదివి, ఇక్కడి చమురు, గ్యాస్ ప్లాంట్లలో ఇన్‌స్ట్రుమెంటేషన్ పని చేసుకుంటున్నవాణ్ణి. అడగదలచుకున్నది ముందే చెబుతాను. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో అనలాగ్ ఎలక్ట్రానిక్స్‌కు ప్రాక్టికల్ పరీక్ష పెట్టే పద్ధతి మార్పించండి. పనిచేయని సర్క్యూట్ ఒకటి విద్యార్థి చేతికిచ్చి, ఎక్కడ చెడిందో పట్టుకోమని, ఎలా పట్టుకున్నావో రాయమని అడిగే పరీక్ష పెట్టించండి. ఆ ఒక్క మార్పు జరిగితే పాఠం, ల్యాబ్, పుస్తకం, చెప్పే మాస్టారు, అన్నీ దాని వెంట నడుస్తాయని నా నమ్మకం. అంత గట్టిగా ఎందుకు నమ్ముతున్నానో వివరించడానికే మిగతా ఉత్తరమంతా.

ధహ్రాన్ పేరు వినగానే మనవాళ్లకు చమురు గుర్తొస్తుంది. 1938 మార్చి 4న ఇక్కడి దమ్మామ్ ఏడో నంబరు బావిలో, సుమారు 1,440 మీటర్ల లోతున, రోజుకు 1,585 పీపాల చొప్పున చమురు పడింది. సౌదీ అరేబియా జాతకం ఆ రోజుతో మారింది. ధహ్రాన్ గుట్టల మీదే 1963లో పెట్రోలియం, ఖనిజాల కాలేజీ ఒకటి స్థాపించారు. అది 1975లో విశ్వవిద్యాలయమై, 1986లో కింగ్ ఫహద్ పేరు పెట్టుకుంది. సౌదీ చమురు సంస్థ అరాంకో ప్రధాన కార్యాలయం దాని పక్కనే. భూమి కింద ఉన్నదాన్ని కంటితో చూసినవాడు లేడు కాబట్టి, ఇక్కడి బతుకంతా కొలతల మీద ఆధారపడి ఉంటుంది. లోతు, పీడనం, ఉష్ణోగ్రత, ప్రవాహం, రాతిలో తేమ, ఏదైనా సరే ముందు ఒక చిన్న వోల్టేజీగానో కరెంటుగానో మారాల్సిందే. 1927లో ఫ్రాన్సులోని పెషెల్‌బ్రోన్ దగ్గర ష్లంబర్జే సోదరుల బృందం బావిలోకి తీగలు దించి, రాతి పొరల విద్యుత్ నిరోధాన్ని కొలిచి కాగితం మీద గీసింది. బావుల లాగింగ్ విద్య అక్కడ మొదలైంది. ఈనాటి పరికరాల లోపల ప్రాసెసర్లున్నా, రాతిని తాకే మొదటి మెట్టు ఇప్పటికీ అనలాగే.

అనలాగ్ పాతబడిన చదువనే మాట మన కాలేజీల్లో తరచూ వినిపిస్తుంది. అందుకే ఇక్కడి పని ఒకటి కాస్త విడమరచి చెబుతాను.

ప్లాంటులో ఒక ట్యాంకు ఉందనుకోండి. అందులో నూనె ఎంత ఎత్తున ఉందో కిలోమీటరు దూరంలోని కంట్రోల్ రూముకు తెలియాలి. ట్యాంకు దగ్గర ఒక ట్రాన్స్‌మిటర్ పెడతాం. అక్కడి నుంచి రెండే తీగలు. ట్యాంకు ఖాళీ అయితే ఆ తీగల్లో 4 మిల్లీఆంపియర్లు పారతాయి, నిండితే 20. సున్నా నుంచి కాకుండా నాలుగు నుంచి ఎందుకు మొదలెట్టారంటే, తీగ తెగితే కరెంటు సున్నా అవుతుంది. అప్పుడు ట్యాంకు ఖాళీయా, తీగ తెగిందా అన్న సందేహం ఉండదు. పైగా ఆ నాలుగు మిల్లీఆంపియర్లతోనే ట్రాన్స్‌మిటర్ తన ప్రాణం నిలుపుకుంటుంది, వేరే పవర్ సప్లై అక్కర్లేదు. వోల్టేజీకి బదులు కరెంటును ఎంచుకోవడంలో ఇంకో మేలుంది. తీగ పొడవు పెరిగితే వోల్టేజీ తగ్గుతుంది గానీ, సిరీస్‌లో పారే కరెంటు ఎక్కడ కొలిచినా ఒకటే. ఇంత చిన్న ఆలోచన ఇన్ని దశాబ్దాలుగా రిఫైనరీలను నడుపుతోంది. దానిమీద నాకు ఇప్పటికీ గౌరవం తగ్గలేదు.

పేరు అనవసరమైన ఒక ప్లాంటులో ఇలాంటి రెండు తీగల లూప్ ఒకటి విచిత్రంగా ప్రవర్తించింది. ట్యాంకు మూడింట రెండు వంతులు నిండేదాకా స్క్రీను మీద అంకె నిక్కచ్చిగా కదిలేది. 66 శాతం దగ్గర ఆగిపోయేది. ట్యాంకు ఇంకా నిండుతున్నా అంకె అక్కడే. దీని అర్థం మీకు వెంటనే తోచి ఉంటుంది. ట్యాంకు పొర్లిపోయే వేళ కూడా కంట్రోల్ రూములో కూర్చున్నవాడికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. ట్రాన్స్‌మిటర్ మార్చారు. కొత్తది కూడా అక్కడే ఆగింది. కంట్రోల్ రూములో కార్డు మార్చారు, అప్పుడూ అంతే. కేబుల్ ఇన్సులేషన్ పరీక్షించారు, దోషం లేదు. డిగ్రీలున్న ఇంజినీర్లు ఆ పరికరం మాన్యువల్ తిరగేస్తూ ఉండగా, పాలిటెక్నిక్ డిప్లొమాతో వచ్చిన ఒక టెక్నీషియన్ మల్టీమీటరు పట్టుకుని ట్యాంకు దగ్గరికెళ్లి, కరెంటు పెరుగుతున్నకొద్దీ ట్రాన్స్‌మిటర్ కొసల మధ్య వోల్టేజీ ఎంత మిగులుతోందో చూశాడు. 12 వోల్టుల దగ్గర అది చతికిలబడుతోంది.

లెక్క ఇలా ఉంటుంది. సప్లై 24 వోల్టులు. ట్రాన్స్‌మిటర్ బతకడానికి కనీసం 12 కావాలి. కాబట్టి మిగతా దారి మొత్తం కలిపి 12 వోల్టులకు మించి తినకూడదు. ఆ దారిలో సేఫ్టీ బ్యారియర్ 300 ఓములు, కంట్రోల్ రూములో కరెంటును 1 నుంచి 5 వోల్టులుగా మార్చే రెసిస్టరు 250, కిలోమీటరు కేబుల్ రానూపోనూ 25. మొత్తం 575. పూర్తి 20 మిల్లీఆంపియర్ల దగ్గర ఇవి తినేది 11.5 వోల్టులు. అర వోల్టు మిగులుతో లూప్ ఆరోగ్యంగా ఉండేది. కొన్ని వారాల ముందు ఎవరో అదే లూప్‌లో ఒక రికార్డరును సిరీస్‌లో కలిపారు. దానిది ఇంకో 250 ఓములు. మొత్తం 825 అయింది. 12 వోల్టులను 825తో భాగిస్తే 14.5 మిల్లీఆంపియర్లు. అంతకు మించి ఆ లూప్‌లో కరెంటు పారడానికి వీల్లేదు. నాలుగు నుంచి ఇరవై స్కేలు మీద 14.5 అంటే 66 శాతం.

ఇందులో ఓమ్ నియమం తప్ప ఇంకేమైనా ఉందా? ఇంటర్మీడియట్‌లోనే చెప్పేశాం కదా అనిపిస్తుంది. చెప్పాం, నిజమే. అడిగితే అందరూ ఒప్పజెబుతారు. లోపం ఎదురుగా ఉన్నప్పుడు ఆ నియమాన్ని చేతిలోకి తీసుకోవడం నేర్పలేదు. ఆ టెక్నీషియన్‌కు అది ఎక్కడ అబ్బిందో నాకు తెలుసు. పాత ఆంప్లిఫయర్లు, స్టెబిలైజర్లు బాగుచేసే దుకాణంలో పనిచేస్తూ చదువుకున్నవాడు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ ప్రాంతాల నుంచి వచ్చి ఈ తీరమంతా పనిచేస్తున్న టెక్నీషియన్లలో ఇలాంటివాళ్లను చాలామందిని చూశాను. నాడి పట్టే వైద్యుడిలా తీగ పట్టి చెబుతారు. వాళ్లకు పట్టా లేక పైకి రాలేకపోవడం ఒక అన్యాయం. పట్టా ఉన్న పిల్లలకు ఆ విద్య అందకపోవడం రెండోది. ఈ రెండోదాన్ని సరిదిద్దడం మీ చేతిలో ఉంది.

ఇప్పుడే చెప్పిన సేఫ్టీ బ్యారియర్ గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే మన రెండో సంవత్సరం ల్యాబ్ మొత్తం అందులో ఉంది. గ్యాస్ నిలిచే అవకాశమున్న చోట తీగలు రెండూ తగిలి నిప్పురవ్వ లేచినా ఆ రవ్వకు గ్యాసును అంటించే శక్తి ఉండకూడదు. అందుకని ప్రమాదం లేని వైపున బ్యారియర్ పెడతారు. లోపల ఉండేవి ఒక ఫ్యూజు, ఒక రెసిస్టరు, భూమికి కలిపిన జీనర్ డయోడ్లు. అంతే. వోల్టేజీ 28 దాటబోతే జీనర్లు దాన్ని భూమికి మళ్లిస్తాయి, ఫ్యూజు పోతుంది. తీగలు షార్టయితే 300 ఓముల రెసిస్టరు కరెంటును 93 మిల్లీఆంపియర్లకు కట్టడి చేస్తుంది. 28ని 300తో భాగించి చూడండి. ఎలక్ట్రానిక్ డివైసెస్ అండ్ సర్క్యూట్స్ (ఈడీసీ) ల్యాబ్‌లో జీనర్ డయోడ్ లక్షణాల ప్రయోగం చేయని ఈసీఈ విద్యార్థి మన రెండు రాష్ట్రాల్లో ఉండడు. గ్రాఫు గీసి, బ్రేక్‌డౌన్ వోల్టేజీ గుర్తు పెట్టి, సంతకం చేయించుకుంటాడు. ఆ గ్రాఫు వంపు మనుషుల ప్రాణాలకు కాపలా కాస్తుందని, ఎర్తింగ్ సరిగా లేకపోతే ఆ కాపలా దండగేనని ఆ రోజే ఎవరైనా చెప్పి ఉంటే అతను జీనర్‌ను ఇంకోలా చూసేవాడు.

ఇక్కడి వాతావరణం కూడా అనలాగ్ పరీక్షలు పెడుతూ ఉంటుంది. 2003 జూలై 8న ధహ్రాన్‌లో డ్యూ పాయింట్ 35 డిగ్రీల సెల్సియస్‌గా నమోదైంది. ప్రపంచంలో నమోదైన వాటిలో అత్యధికమని దాన్ని చెబుతారు. చల్లబడిన ఏ లోహం మీదైనా నీరు పట్టేంత తేమ. జంక్షన్ బాక్సులోకి ఆ తేమ చేరి, ఉప్పుదుమ్ముతో కలిసి రెండు టెర్మినళ్ల మధ్య లక్ష ఓముల దారి వేస్తే, 15 వోల్టుల దగ్గర 0.15 మిల్లీఆంపియర్లు ట్రాన్స్‌మిటర్‌ను తప్పించుకుని పక్కదారిన పారతాయి. స్కేలు మీద అది దాదాపు ఒక శాతం. రాత్రి పెరిగి, ఎండెక్కాక తగ్గే రీడింగు చూసి ప్రాసెస్ వాళ్లు నూనెలో కారణం వెతుకుతారు. కారణం పెట్టె మూత రబ్బరులో ఉంటుంది. లక్ష ఓములంటే ఇన్ఫినిటీ లాంటిదే అనుకునే అలవాటు పుస్తకం నేర్పుతుంది. అది ఇన్ఫినిటీ కాదని మీటరు నేర్పుతుంది.

పుస్తకానికీ మీటరుకూ మధ్య ఉన్న ఈ దూరానికి ఇంకో ఉదాహరణగా ఆప్-ఆంప్ 741 సంగతి చూడండి. 1968లో ఫెయిర్‌చైల్డ్ సంస్థలో డేవ్ ఫులగర్ రూపొందించిన ఆ ఐసీ మన ల్యాబుల్లో ఇంకా నడుస్తోంది. దానిమీద నాకు ఫిర్యాదు లేదు. నేర్చుకోవడానికి మంచి చిప్. “ఇన్‌పుట్ ఆఫ్‌సెట్ వోల్టేజీ నిర్వచింపుము” అని రెండు మార్కుల ప్రశ్న వస్తుంది, పిల్లలు రాసేస్తారు. మామూలు రకం 741కి ఆ ఆఫ్‌సెట్ 6 మిల్లీవోల్టుల దాకా ఉండవచ్చని డేటాషీటు చెబుతుంది. కొలిమి వేడిని కొలిచే కె-రకం థర్మోకపుల్ ఒక్కో డిగ్రీకి ఇచ్చేది సుమారు 41 మైక్రోవోల్టులు. అంటే ఆ చిప్‌తో థర్మోకపుల్ ఆంప్లిఫయర్ కడితే, సరిచేయకుండా వదిలేస్తే, 140 డిగ్రీలకు పైగా తప్పు చూపించే ప్రమాదముంది. రెండు మార్కుల నిర్వచనానికీ ఈ 140 డిగ్రీలకూ సంబంధం ఉందని పిల్లవాడికి తెలిసే ఘడియ ఒకటుంటుంది. చదువంటే ఆ ఘడియే. మన సిలబస్‌లో ఆఫ్‌సెట్ ఒక యూనిట్‌లో, థర్మోకపుల్ వేరే సబ్జెక్టులో, ఇంకో సెమిస్టర్‌లో ఉంటాయి. రెండూ ఒకే బల్ల మీద ఎప్పుడూ కలవవు.

కింగ్ ఫహద్ విశ్వవిద్యాలయంలో ఈ చదువు ఎలా ఉందో చూస్తే, అది ఆకాశం నుంచి ఊడిపడిందేమీ కాదు. అక్కడా డయోడే, ట్రాన్సిస్టరే, ఆప్-ఆంపే. సెడ్రా, స్మిత్ రాసిన పాఠ్యపుస్తకమే వాళ్లకూ ఆధారం. 1982లో మొదటిసారి వచ్చిన ఆ పుస్తకం మన కాలేజీ లైబ్రరీల్లోనూ ఉంది, అట్ట నలగకుండా. తేడా ఒక చోట ఉంది. అక్కడ ఎలక్ట్రానిక్స్ మొదటి కోర్సు వారానికి మూడు గంటల పాఠం, మూడు గంటల ల్యాబ్, రెండూ కలిపి నాలుగు క్రెడిట్ల ఒకే కోర్సుగా రూపొందింది. ల్యాబ్‌లో తేలిపోయినవాడికి కోర్సు గ్రేడు కూడా తేలిపోతుంది. మన దగ్గర పాఠం ఒక సబ్జెక్టు, ల్యాబ్ ఇంకో సబ్జెక్టు. ల్యాబ్‌కు ఒకటో ఒకటిన్నరో క్రెడిట్. ఆ క్రెడిట్ దాదాపు అందరికీ దక్కుతుంది కాబట్టి దాని గురించి బెంగపడేవారు లేరు.

అనలాగ్‌లో పరిశోధన అయిపోయిందనుకునేవారికి ఆ విశ్వవిద్యాలయమే జవాబు. సెడ్రా, స్మిత్‌లు 1968లో టొరంటోలో ప్రతిపాదించిన కరెంట్ కన్వేయర్ అనే నిర్మాణం మీద ధహ్రాన్‌లో ప్రొఫెసర్ ముహమ్మద్ తాహెర్ అబుల్‌మాతీ ఏళ్లతరబడి పనిచేసి, అనలాగ్ సర్క్యూట్ల మీద వందల పరిశోధన పత్రాలు ప్రచురించారు. చమురు బావుల పక్కన కూర్చుని అనలాగ్ సర్క్యూట్ల గురించి ఆలోచించడం వింతేమీ కాదు. లోతైన బావిలో 150 డిగ్రీల వేడి సాధారణం. సిలికాన్‌లో లీకేజీ కరెంటు ప్రతి పది డిగ్రీలకూ సుమారు రెట్టింపవుతుంది. గది వేడి నుంచి అక్కడికి చేరేసరికి పన్నెండు సార్లు రెట్టింపు, అంటే నాలుగు వేల రెట్లు. ల్యాబ్‌లో బుద్ధిగా పనిచేసిన సర్క్యూట్ అక్కడ గుర్తుపట్టలేనంత మారిపోతుంది.

మన ల్యాబులకు వస్తాను. ఏ ఒక్క కాలేజీనీ వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు. ఇది ఒక కాలేజీ తప్పయితే మీకు రాసే పని లేదు.

ఈడీసీ, ఈసీఏ, పీడీసీ, లైకా, ఇవన్నీ మన ఎలక్ట్రానిక్స్ ల్యాబుల పేర్లు. సిలబస్ రెగ్యులేషన్ మారినప్పుడల్లా అవి మారుతున్నాయి గానీ లోపలి పని మారలేదు. ప్యానెల్ మీద సర్క్యూట్ ముందే అచ్చువేసి ఉన్న ట్రైనర్ కిట్. ప్యాచ్ కార్డులు నాలుగు గుచ్చితే అవుట్‌పుట్ వస్తుంది. ఒక్కో కిట్ చుట్టూ ఐదారుగురు. ఒకడు గుచ్చుతాడు, ఒకడు ఆసిలోస్కోపు నాబ్ తిప్పుతాడు, మిగతావాళ్లు రీడింగులు రాసుకుంటారు. గ్రాఫు పుస్తకంలోలా రాకపోతే రీడింగులు “సర్దుతారు”. సీనియర్ల రికార్డు ఉండనే ఉంది. చివర ఎక్స్‌టర్నల్ పరీక్ష రోజున చీటీ తీయడం, సర్క్యూట్ బొమ్మ, ప్రొసీజరు, రీడింగులు, ఐదు నిమిషాల వైవా.

ఇందులో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది చెబుతాను. ఎప్పుడైనా ఒకడికి అవుట్‌పుట్ రాదు. ఆ క్షణంలో అతని ముఖం చూడండి. కంగారు ఉంటుంది, దానితోపాటు ఒక ప్రశ్న కూడా ఉంటుంది. ఎందుకు రాలేదు? నాలుగేళ్ల చదువులో ఆ సబ్జెక్టు అతన్ని నిజంగా పలకరించిన క్షణం అదే. సరిగ్గా అప్పుడే ల్యాబ్ అసిస్టెంట్ వచ్చి ఒక తీగ పీకి ఇంకోచోట పెట్టి “వచ్చింది, రాసుకో” అని వెళ్లిపోతాడు. అతని తప్పు లేదు. గంటలో ఇంకో బ్యాచ్ వస్తుంది, పద్నాలుగు ప్రయోగాల పట్టిక పూర్తి కావాలి. మన పద్ధతి ఆ పిల్లవాడి ప్రశ్నను పట్టిక కోసం బలిపెట్టింది.

ఇక్కడ ఉద్యోగాలకు వచ్చే మన పిల్లలను ఇంటర్వ్యూ చేసే అవకాశం నాకు అప్పుడప్పుడూ వస్తుంది. ఒక ప్రశ్న అడుగుతాను. 10 వోల్టుల సప్లై, సిరీస్‌లో రెండు 10 కిలో ఓముల రెసిస్టర్లు. మధ్యలో ఎంత? అందరూ 5 అంటారు, సరైన జవాబే. ఇప్పుడు ఆ మధ్య బిందువు నుంచి గ్రౌండుకు ఇంకో 10 కిలో ఓముల లోడు పెట్టాను, ఎంత? చాలామంది 5 దగ్గరే ఉండిపోతారు. కాగితం ఇస్తే, కాసేపు ఓపిక పడితే, 3.33 అని లెక్క కట్టేస్తారు. లెక్క రాదని కాదు. లోడు పెడితే ఏదో కుంగుతుందన్న అనుభవం వేళ్లకు లేదు. మంచి పిల్లలు, తెలివైనవాళ్లు, అమ్మానాన్నలు అప్పుచేసి చదివించినవాళ్లు. వాళ్లు ఆ ప్రశ్న దగ్గర తలదించుకోవడం చూడలేకే ఈ లేఖకు కూర్చున్నాను.

మన గడ్డకు ఈ విద్య కొత్తదీ కాదు. పశ్చిమగోదావరి జిల్లా మొగల్లులో 1914లో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు కాశీలో, తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో చదివి, బొంబాయిలో హోమీ భాభా దగ్గర ఎలక్ట్రానిక్స్ బృందాన్ని నడిపారు. 1956లో మన తొలి అణు రియాక్టరు అప్సర మొదలైనప్పుడు దాని నియంత్రణ వ్యవస్థను ఆ బృందమే మన దేశంలోనే తయారుచేసింది. ఆ రోజుల్లో వాళ్ల చేతిలో ఉన్నవి వాల్వులు. 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ (ఈసీఐఎల్) ఆయన చేతుల మీదుగా వెలిసింది. ఆ సంస్థ అనలాగ్ కంప్యూటర్లు కూడా తయారుచేసింది. ఏఎస్ రావు నగర్ అన్న పేరును బస్సు బోర్డు మీద రోజూ చదివే ఈసీఈ విద్యార్థులకు ఆ రావు గారెవరో ఒక ల్యాబ్ గోడ మీదైనా కనబడాలి.

మీరు అడగబోయే ప్రశ్నలు ఊహించగలను. ఈసీఈ చదివినవాళ్లలో ఎక్కువమంది సాఫ్ట్‌వేర్‌కే వెళ్తున్నారు కదా, ఇదంతా ఎవరి కోసం అంటారు. వెళ్లనివ్వండి. లోపం ఎక్కడుందో కొలిచి, ఊహించి, పరీక్షించి తేల్చడం వచ్చినవాడు ఆ పనిలోనూ రాణిస్తాడు. మిగిలినవారి లెక్కా చిన్నది కాదు. 2021 డిసెంబరులో కేంద్రం సెమీకండక్టర్ల కోసం 76,000 కోట్ల రూపాయల పథకం ప్రకటించింది. చిప్ డిజైన్‌లో 85,000 మందికి శిక్షణ ఇవ్వాలన్న లక్ష్యం కూడా ఉంది. అందుకు తగ్గట్టు వీఎల్‌ఎస్‌ఐ పేరుతో కొత్త బ్రాంచీలు వస్తున్నాయి. ఈనాటి చాలా చిప్‌లలో వోల్టేజీని నిలబెట్టే రెగ్యులేటరు, గడియారాన్ని నడిపే పీఎల్‌ఎల్, బయటి లోకాన్ని అంకెలుగా మార్చే కన్వర్టరు ఉంటాయి. అవన్నీ అనలాగే. బ్రెడ్‌బోర్డు మీద ఒక ట్రాన్సిస్టరును సరిగ్గా బయాస్ చేయని చేతికి చిప్ డిజైన్ సాఫ్ట్‌వేర్ ఎంత ఖరీదైనది ఇచ్చినా లాభం తక్కువ.

సిమ్యులేషన్ చాలదా అని ఇంకొందరంటారు. 1973లో బర్కిలీలో పుట్టిన సిమ్యులేషన్ ప్రోగ్రాం స్పైస్ లేకుండా ఈనాడు ఎవరూ సర్క్యూట్ డిజైన్ చేయరు, నేనూ చేయను. ఎల్‌టీస్పైస్ ఉచితంగా దొరుకుతుంది. ప్రతి ప్రయోగానికి ముందు ఇంట్లో సిమ్యులేట్ చేసుకుని రమ్మనండి. కానీ వదులైన కాంటాక్టు, గోడలోంచి వచ్చే 50 హెర్ట్జ్ హమ్, తిరగేసి పెట్టిన కెపాసిటరు సిమ్యులేటరుకు తెలియవు. ఊహకూ కొలతకూ మధ్య తేడా ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడానికే ల్యాబ్ ఉంది.

ఇక పరీక్ష ఎలా ఉండాలన్నది. ఒక ఉదాహరణ చెబుతాను. కామన్ ఎమిటర్ ఆంప్లిఫయర్, కలెక్టర్ కరెంటు 1 మిల్లీఆంపియరు, కలెక్టర్ రెసిస్టరు 4.7 కిలో ఓములు, ఎమిటర్ రెసిస్టరు 1 కిలో ఓము. సవ్యంగా ఉంటే గెయిన్ సుమారు 180. పరీక్షకుడు ముందే ఎమిటర్ బైపాస్ కెపాసిటరు కాలు ఒకటి కనిపించకుండా ఊడదీసి ఉంచుతాడు. విద్యార్థి డీసీ వోల్టేజీలు కొలుస్తాడు, అన్నీ ఉండాల్సినట్టే ఉంటాయి. సిగ్నల్ ఇస్తే గెయిన్ ఐదు కూడా రాదు. డీసీ బాగుండి ఏసీ మాత్రమే పడిపోయిందంటే డీసీ పారని చోటే దోషం, అంటే కెపాసిటరు. రెసిస్టర్ల నిష్పత్తి 4.7 అని గుర్తొస్తే ఏ కెపాసిటరో కూడా తేలిపోతుంది. అదే బోర్డులో బేస్ నుంచి గ్రౌండుకు వెళ్లే రెసిస్టరు తెంపితే ట్రాన్సిస్టరు సాచురేషన్‌లో కూర్చుంటుంది, కలెక్టరుకూ ఎమిటరుకూ మధ్య 0.2 వోల్టులే కనిపిస్తాయి. ఆప్-ఆంప్‌లో ఫీడ్‌బ్యాక్ తెంపితే అవుట్‌పుట్ సప్లైకి అతుక్కుంటుంది. ఒకే బోర్డుతో ఇలాంటి ప్రశ్నలు పది తయారుచేయొచ్చు. బట్టీ కొట్టడానికి వీలుండదు, సీనియర్ల రికార్డు అక్కరకు రాదు.

మార్కుల్లో సగం లోపం పట్టుకున్నందుకు కాక, దారికి ఇవ్వాలి. ఏం కొలిచాను, ఏం వస్తుందనుకున్నాను, ఏం వచ్చింది, దాంతో ఏం కొట్టేశాను అని వరసగా రాసిన కాగితానికి. గంటలో లోపం దొరకకపోయినా ఆ కాగితం బాగుంటే పిల్లవాడు పాసు కావాలి. ఆ కాగితాన్ని, వైవాను తెలుగులో నడపడానికి అనుమతించండి. ఇంగ్లిషు వెతుక్కునే కంగారులో ఆలోచన జారిపోతోంది.

దీనికి కోట్లు అక్కర్లేదు. కోఠి గుజరాతీ గల్లీలో ట్రాన్సిస్టరు కొన్ని రూపాయలకే దొరుకుతుంది. బ్రెడ్‌బోర్డు, మామూలు డిజిటల్ మల్టీమీటరు, గుప్పెడు రెసిస్టర్లు, కెపాసిటర్లు, రెండు మూడు ఆప్-ఆంపులు కలిపి ఒక పెట్టె ప్రతి విద్యార్థి సొంతం కావాలి, హాస్టల్ గదికి తీసుకెళ్లగలగాలి. ఐదుగురికి ఒక కిట్ అన్న లెక్క అక్కడే ఆగిపోవాలి. పద్నాలుగు ప్రయోగాలను ఏడుకు తగ్గించండి, ఒక్కోదానికి రెండు వారాలివ్వండి. మొదటి వారం కట్టడం, రెండో వారం చెడగొట్టి బాగుచేయడం. 4–20 లూప్ వాటిలో ఒకటి కావాలని నా ప్రత్యేక విన్నపం. ఒక ట్రాన్సిస్టరు, ఒక ఆప్-ఆంపుతో దాన్ని బల్ల మీద కట్టవచ్చు, ఒక్కో రెసిస్టరు చేరుస్తూ పోతే ఎక్కడ ఆగిపోతుందో కళ్లారా చూడవచ్చు.

అధ్యాపకుల మాట మరవలేదు. వాళ్లలో చాలామంది ఇదే పద్ధతిలో చదివి ఎంటెక్ చేసి వెంటనే బోర్డు ముందు నిలబడినవాళ్లు. వాళ్లకు నేర్చుకునే వ్యవధి ఇవ్వకుండా కొత్త పరీక్ష రుద్దితే అది కూడా రికార్డు పుస్తకంగా మారిపోతుంది. వేసవిలో వాళ్లకే ముందు లోపాల సర్క్యూట్లు ఇచ్చి కూర్చోబెట్టండి. ఐఐటీ మద్రాసులో ప్రొఫెసర్ కె. రాధాకృష్ణారావు అనలాగ్ మీద చెప్పిన ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి, వాటిని ఆ శిక్షణలో భాగం చేయండి. గల్ఫ్‌లో పాతికేళ్లు పనిచేసి ఊరికి తిరిగొచ్చిన ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్లు మన జిల్లాల్లో ఎందరో ఉన్నారు. పట్టా అడగకుండా వాళ్లను ల్యాబ్ శిక్షకులుగా పిలిచే నిబంధన ఒకటి తెండి. వాళ్లకు గౌరవం దక్కుతుంది, పిల్లలకు విద్య దక్కుతుంది.

అన్ని కాలేజీల్లో ఒకేసారి పెట్టమని అడగడం లేదు. సొంత సిలబస్ రాసుకునే అటానమస్ కాలేజీల్లో, ముందుకొచ్చిన కొన్నింటిలో, రానున్న విద్యాసంవత్సరం రెండో ఏడు ఈసీఈకి మాత్రమే పెట్టి చూడండి. ఈ లేఖ ప్రతిని మీ రెండు కార్యాలయాలకూ పంపుతున్నాను. దానికి పన్నెండు లోపాల సర్క్యూట్ బొమ్మలు, ఒక్కోదానికి కావలసిన విడిభాగాల జాబితా, మార్కులు వేసే పద్ధతి జతచేశాను. వాటిని ఏ కాలేజీ అయినా అడగకుండానే వాడుకోవచ్చు. సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు అధ్యాపకుల శిక్షణకు పిలిస్తే, ఖర్చులు నావే, మల్టీమీటరుతో సహా వస్తాను.

భవదీయుడు,
ధహ్రాన్‌లో పనిచేస్తున్న ఒక ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజినీరు